దామలచెరువు మామిడి తోటలో పాత తూటాలు వెతకాలంటే

మెటల్ డిటెక్టర్ తిప్పడం ఒక పూటలో వచ్చేస్తుంది. మనం గుప్తనిధుల కోసం రాలేదని ఊరోళ్ళను నమ్మించడానికే రోజులు పడుతుంది. మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పాడుబడ్డ గుళ్ళ దగ్గర, గుట్టల మీద రాత్రిపూట తవ్వే ముఠాలు పట్టుబడుతూనే ఉంటాయి, అందుకని చేతిలో మిషను, భుజాన పార ఉన్న కొత్త మొహం కనిపిస్తే ఎవరికైనా వచ్చే అనుమానం ఒక్కటే. నేను మొదటిసారి మా మామ తోటలోకి దిగినప్పుడు అరగంట కాకముందే గట్టు మీద పదిమంది చేరారు. ఒకాయన ఫోన్లో వీడియో తీస్తున్నాడు, ఇంకొకాయన "ఎంత లోతులో ఉండాదంట సామీ?" అని మెల్లగా అడిగాడు. పాత యుద్ధాల్లో పేల్చిన సీసపు గుండ్ల కోసం అంటే నవ్వాడు. ఆ రోజు మిషను బ్యాగులో పెట్టేసి టీ తాగి వచ్చేశాను. అందుకే మిషను కన్నా ముందు భూమి సంగతి, మనుషుల సంగతి చెప్తాను.

ఎక్కడ వెతకాలి అంటే అందరూ ముందు చెప్పేది చంద్రగిరి కోట. వద్దు. అది కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్న రక్షిత కట్టడం, అక్కడ అనుమతి లేకుండా తవ్వడం నేరం. గుర్రంకొండ కూడా వద్దు, 1791లో నిజాం సైన్యం, ఈస్టిండియా కంపెనీ సైన్యం కలిసి ముట్టడించిన కోట కాబట్టి ఆశ పుడుతుంది, అయినా వద్దు. కోటలు, గుళ్ళు, కోనేర్లు, సమాధులు మొత్తం లిస్టులోంచి కొట్టేయండి. అడవి అసలే వద్దు. శేషాచలంలో పారతో దొరికితే మీరు చెప్పే చరిత్ర పాఠం ఎవరూ వినరు, ముందు ఎర్రచందనం గురించి అడుగుతారు. పోరంబోకు, చెరువు, గుట్ట ప్రభుత్వానివి. ప్రభుత్వం సాగు కోసం ఇచ్చిన డీకేటీ భూమి అయితే కాగితం ఎవరి పేరున ఉందో, సాగు ఎవరు చేస్తున్నారో తేలక తలనొప్పి. చివరికి మిగిలేది పట్టా భూమి ఒక్కటే, అదీ సొంతవాళ్ళదో బాగా తెలిసినవాళ్ళదో అయితే మేలు.

అయితే ఏంటి, మన వైపు యుద్ధాలు కోటల్లో కన్నా కనుమల్లో, దారుల వెంట, దండు దిగిన మైదానాల్లోనే ఎక్కువ జరిగాయి. 1740 మే 20న దామలచెరువు కనుమలో కాపు కాసిన ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ మీదికి రఘోజీ భోంస్లే మరాఠా సేన వెనక వైపు నుంచి వచ్చి పడింది, నవాబు అక్కడే చనిపోయాడు. 1782 డిసెంబరు 7న హైదర్ అలీ కన్నుమూసింది కూడా చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులోనే. ఆ తర్వాత 1804 ప్రాంతంలో చిత్తూరు పాలెగాళ్ళ మీదికి కంపెనీ సిపాయిలు వచ్చారు. ఇన్ని దండులు నడిచిన దారుల్లో ఇప్పుడు మామిడి తోటలు, వేరుశనగ చేలు ఉన్నాయి. దామలచెరువు అంటే ఇప్పుడు మామిడికాయల మండీ గుర్తొస్తుంది కానీ, ఆ మండీకి కాయలు పంపే తోటల్లో మా మామది ఒకటి, నేను వెతికేది అక్కడే.

ఇక చట్టం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ నడుస్తోంది, అందులో గీత పది రూపాయలు. అవును, పదే. భూమిలో దాగి ఉన్న పది రూపాయలు మించిన వస్తువు దొరికితే ఏం దొరికింది, సుమారు విలువెంత, ఎక్కడ, ఏ రోజు అని కలెక్టరుకు రాసి తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం, ఆయుధం లాంటివి పురావస్తువులే, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. కాబట్టి అమ్ముకుందాం అనే ఆలోచన ఉంటే ఇక్కడే ఆగిపోండి, మీకు ఈ పని కాదు.

మనుషుల విషయంలో నేను రెండోసారి చేసింది ఇది. ముందు రోజు వెళ్ళి మామ దగ్గర తెల్లకాగితం మీద అనుమతి రాయించుకున్నాను, సర్వే నంబరుతో సహా, పాసుపుస్తకం జిరాక్సు జతచేసి. ఆయన ముందు నవ్వాడు, "నా అల్లుడికి నేను కాగితం రాసీడమేందిరా" అన్నాడు, తర్వాత రాశాడు. దాని కాపీ వీఆర్వోకు ఇచ్చి, ఫలానా రోజు పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా అని నోటితో కూడా చెప్పాను. పక్క తోటలవాళ్ళకు మామే చెప్పాడు. ఆపైన ఊళ్ళో ఇద్దరు పిల్లల్ని పిలిచి హెడ్‌ఫోన్లు వాళ్ళ చెవులకు పెట్టి మిషను వాళ్ళ చేతే తిప్పించాను. మొదటి గంటలో వాళ్ళు తవ్వి తీసింది మందుబిళ్ళల రేకు, రెండు క్వార్టర్ సీసా మూతలు, ఒక గేదె గొలుసు కొక్కెం. ఆ మూతలు చూసి గట్టు మీదోళ్ళంతా కాపలావాడి వైపు తిరిగారు, నా మీద అనుమానం సగం పోయింది.

మిషను గురించి. మైన్‌ల్యాబ్, గ్యారెట్, నోక్టా లాంటి కంపెనీల మామూలు రకం చాలు, కానీ మన ఎర్రనేలలో ఇనుము పాలు ఎక్కువ కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే దానికన్నా ఒకేసారి రెండు మూడు ఫ్రీక్వెన్సీలు పంపేది నిలకడగా పనిచేస్తుంది. మిషను కింది చివర పళ్ళెంలా ఉండే కాయిల్ పంపే అయస్కాంత క్షేత్రం లోహంలో చిన్న కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు తిరిగి పుట్టించే క్షేత్రాన్ని మిషను పట్టుకుంటుంది, ఉన్నదల్లా అంతే. తొమ్మిది, పది అంగుళాల కాయిల్‌తో నాణెమంత వస్తువు ఆరేడు అంగుళాల లోతులో దొరికితే సంతోషించాలి. పది మీటర్ల లోతులో బంగారం చూపిస్తుందని అమ్మేవి, బియ్యాన్ని లాగే మహిమ ఉందంటూ రైస్ పుల్లింగ్ చెంబులు అంటగట్టే మోసగాళ్ళ చుట్టాలు అమ్మేవి, వాటి జోలికి పోవద్దు.

వెళ్ళే కాలం కూడా ముఖ్యం. కాయలు కోసేశాక, వానలు పడి తోటలో దుక్కి దున్నించిన తర్వాత వెళ్ళండి. దున్నితే లోతున ఉన్నవి పైకొస్తాయి, తడి నేలలో సిగ్నల్ కూడా కొంచెం బాగుంటుంది, తవ్వడం సులువు. వేసవిలో ఆ నేల గడ్డపారకు కూడా లొంగదు.

తోటలోకి అడుగు పెట్టే ముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి, మీ తోట సంగతే కాదు, చుట్టుపక్కల తోటల సంగతి కూడా: పందులకు కరెంటు తీగ పెట్టారా? నాటు బాంబులు పెట్టారా? మొహమాటం వద్దు. అడవిపందుల కోసం రాత్రి పెట్టి పొద్దున తీయడం మరిచిపోయిన తీగ చేతిలో ఉన్న మిషను కన్నా ముందు మిమ్మల్ని పట్టుకుంటుంది. రాళ్ళ కుప్పల్లో చెయ్యి పెట్టకండి, తేళ్ళు, రక్తపింజరి ఉంటాయి. అడవి అంచు తోటలైతే ఏనుగులు కూడా వస్తాయి, చీకటి పడకముందే బయటికి వచ్చేయాలి.

మోటారు షెడ్డుకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా మొదలుపెట్టండి, దగ్గరగా ఉంటే మిషను ఊరికే అరుస్తుంది. లోహం లేని చోట కాయిల్‌ను నేలకు దగ్గరగా పైకీ కిందికీ ఆడించి గ్రౌండ్ బ్యాలెన్స్ చేసుకోవాలి, అంటే నేలలోని ఇనుముకు మిషను అరవకుండా సర్దుకోవాలి. తర్వాత నేలకు రెండు అంగుళాల ఎత్తులో, సమంగా, ముందు తిప్పిన దానిలో సగం మళ్ళీ కలిసేలా నెమ్మదిగా తిప్పుకుంటూ పోవడమే. చివర్లలో కాయిల్ పైకి లేపేది అందరూ చేసే తప్పు, ఊడ్చేటప్పుడు చీపురు లేపినట్టు. రెండు చెట్ల వరుసల మధ్య తాడు కట్టుకుంటే ఏ పట్టీ అయిపోయిందో తెలుస్తుంది.

నాణేలు వెతికేవాళ్ళు ఇనుమును వదిలేసేలా సెట్టింగ్ పెడతారు. మనం పెట్టకూడదు. నాడా, మేకు, కత్తి ముక్క, ఫిరంగి గుండు అన్నీ ఇనుమే కదా. దానికి శిక్షగా నాగటి కర్రు ముక్కలు, ఎద్దు నాడాలు, ముళ్ళతీగ, ట్రాక్టరు బోల్టులు వందల్లో తవ్వుతారు. సీసపు గుండు ఇంకా పెద్ద చిక్కు: లోహాన్ని బట్టి మిషను తెర మీద ఒక నంబరు చూపిస్తుంది, సీసానిది మధ్యలో పడుతుంది, మందుబిళ్ళల రేకు, అల్యూమినియం ముక్క కూడా అక్కడే పడతాయి. రేకు అనుకుని వదిలేస్తే గుండు పోయినట్టే. రెండు వైపుల నుంచి తిప్పినా ఒకేలా, గుండ్రంగా మోగితే తవ్వండి. నేను ఒక రోజులో యాభై మూడు గుంతలు తవ్వాను, అందులో నలభై పైచిలుకు చెత్త, మూడు నాడా ముక్కలు, ఒక్క సీసపు గుండు.

తవ్వేటప్పుడు మోత వచ్చిన చోటికి జానెడు దూరం నుంచి పార వేయండి, నేరుగా నడినెత్తిన వేయకండి. మట్టి మూతలా లేపి ఒక గోనె మీద పెట్టి, చేతిలో పట్టే చిన్న పిన్‌పాయింటర్‌తో వెతికి, అదే మట్టి మళ్ళీ పూడ్చి తొక్కేయాలి. చెట్టు మొదలు దగ్గర వేరు తెగితే మామ మళ్ళీ పిలవడు. గుండ్రటి ఇనుప బంతి దొరికి, దానికి రంధ్రం కనిపించిందంటే చెయ్యి తీసేయండి. లోపల మందు కూరిన గుండు కావచ్చు, దూరంగా వచ్చి 112కు ఫోన్ చేయండి. ఇనుప గొట్టం లాంటిదైనా అంతే, 2018లో కర్ణాటకలోని నగర దగ్గర ఒక ఎండిన బావిలో వెయ్యి దాకా టిప్పు కాలపు మైసూరు రాకెట్లు దొరికాయని గుర్తు పెట్టుకోండి.

దొరికింది నిజంగా తూటాయేనా? పాత సీసం మీద తెల్లటి పొర ఉంటుంది, చేతికి చిన్నదైనా బరువుగా ఉంటుంది. మధ్యలో బెజ్జం ఉంటే చేపల వలకు కట్టే గుండు. అయస్కాంతానికి అతుక్కుంటే బేరింగు గుండు, దానికి నేను ఒకసారి అరగంట సంబరపడ్డాను. వెర్నియర్‌తో కొలవండి: కంపెనీ సిపాయిల బ్రౌన్ బెస్ తుపాకీ గుండు సుమారు పదిహేడున్నర మిల్లీమీటర్లు, బరువు ముప్పై గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. దానికన్నా చిన్నగా, వంకరగా పోతపోసినట్టు ఉంటే నాటు జామగి తుపాకీది, అంటే వత్తి నిప్పుతో పేల్చేదానిది కావచ్చు. నాకు దొరికింది పద్నాలుగు మిల్లీమీటర్లు, ఒక పక్క అచ్చు గీత కనిపిస్తోంది. అది 1740దని నేను చెప్పను, జామగి తుపాకులు ఆ తర్వాత కూడా చాలాకాలం వాడారు.

తోమకండి. మన ఇళ్ళల్లో రాగి, ఇత్తడి కనిపిస్తే చెయ్యి చింతపండు మీదికో పీతాంబరి మీదికో పోతుంది. ఏనుగు బొమ్మ ఉన్న టిప్పు కాసు దొరికినా సరే చింతపండు పెట్టకండి, మీద ఉన్న అక్షరాలు ఆ పులుపుతోనే పోతాయి. సీసాన్ని నీళ్ళతో మెల్లగా కడిగి వదిలేయండి, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, అది విషం. ఇనుప ముక్కను సుత్తితో కొడితే తుప్పుతో పాటు వస్తువు కూడా రాలుతుంది. ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టాలి.

ప్రతి దానికీ విడి కవరు, మీద తేదీ, సర్వే నంబరు, లోతు, ఫోన్లో చూసిన జీపీఎస్ అంకెలు. చోటు రాయని తూటా ఉత్త సీసం ముక్క. నేను ఆ సాయంత్రం గుండు ఫోటో, కొలతలు, చోటు రాసి మామ సంతకంతో ఒక ఉత్తరం వీఆర్వో చేతికి ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకున్నాను. ఆయన గుండును చేతిలో వేసుకుని తిప్పి చూసి, "ఇంతేనా?" అన్నాడు. గట్టు మీద ఇంకా ముగ్గురున్నారు, వాళ్ళూ అదే అన్నారు.