జలగ నీళ్లలో నిలవడం లేదా? ముందు ఆ నీళ్లు ఏ పాత్రలో పట్టారో చూడండి

ఇంట్లో జలగలు పెంచేవాళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లలో ముప్పావు వంతు ఒకే మాటతో మొదలవుతాయి. "అన్నా, జలగ డబ్బాలోంచి పైకి పాకతా ఉంది. ఆకలేమో, ఏం పెట్టేది?"

ఏమీ పెట్టొద్దు. కడుపునిండా తాగిన జలగకు ఆ రక్తం అరగడానికే నెలలు పడుతుంది. ఆర్నెల్లు ఏమీ పెట్టకపోయినా బతుకుతుంది. నీళ్లు బాగాలేక అల్లాడుతున్న జలగకు రక్తం పెడితే మాత్రం కక్కుకుని చస్తుంది. అందుకే ఎవరు ఫోన్ చేసినా నేను అడిగేవి మూడే: నీళ్లు ఎప్పుడు మార్చారు, అవి ఎక్కడి నీళ్లు, వాటిని ఏ పాత్రలో నిల్వ చేశారు. మొదటి రెండింటికీ జవాబు వెంటనే వస్తుంది. మూడోదాన్ని పట్టించుకునేవాళ్లు దాదాపు ఉండరు. నా జలగలు పోయింది దానివల్లే కాబట్టి ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

డబ్బా మూతికి పల్చటి గుడ్డ బిగించి కట్టడం, ఎండ తగలని చోట పెట్టడం, సబ్బు చేతులతో ముట్టకపోవడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. నేను చెప్పేది మన చెరువుల్లో దొరికే పశువుల జలగ గురించి. డిగ్రీలో జువాలజీ చదివినవాళ్లు హిరుడినేరియా గ్రాన్యులోసా అని కోసి చూసి ఉంటారు. 33 ఖండాలు, ఐదు జతల కళ్లు, మూడు దవడలు ఉండేది అదే.

అన్నీ ఒకేసారి నీళ్లపైకి ఎక్కి గాజుకు అతుక్కుంటున్నాయి

ఒక్కటి ఒక్క రాత్రి పైకెక్కితే టెన్షన్ పడొద్దు. జలగలు తిరుగుతాయి, కొన్ని గాలివానకు ముందు పైకొస్తాయంటారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో జార్జ్ మెర్రీవెదర్ అనే వైద్యుడు 12 సీసాల్లో 12 జలగలను పెట్టి, తుపాను వస్తే గంట కొట్టే యంత్రాన్ని చూపించాడు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిన రోజుల్లో మా కుండ దగ్గర నేనూ చాలాసార్లు కూర్చుని చూశాను. ఎక్కిన రోజులున్నాయి, ఎక్కని రోజులున్నాయి. దాని మీద ఆధారపడలేం.

అన్నీ కలిసి ఎక్కితే మాత్రం ఆ నీళ్లలో ఉండలేకపోతున్నాయని అర్థం. ముందు నీళ్లు వాసన చూడండి. కొళాయి నీళ్లయితే క్లోరిన్ అయి ఉండవచ్చు. మా తిరుపతికి వచ్చే కళ్యాణి డ్యామ్ నీళ్లయినా తెలుగుగంగ కాలువ నీళ్లయినా శుద్ధి చేసి క్లోరిన్ కలిపాకే మన ఇంటికి వస్తాయి. వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ బకెట్లో గానీ మట్టి పాత్రలో గానీ ఒక రోజంతా మూత పెట్టకుండా ఉంచితే పోతుంది. తొందరుంటే చేపల అంగట్లో దొరికే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వేయండి. అపార్ట్‌మెంట్‌లో పైన ట్యాంకు బ్లీచింగ్ పౌడర్‌తో కడిగిన వారం మాత్రం ఆ నీళ్ల జోలికే పోవద్దు.

రక్తం తాగిన మర్నాడు అన్నీ పైకెక్కితే కారణం వేరు. తాగిన రక్తంలోని నీటిని జలగ తొందరగా బయటికి పంపేసి, చిక్కటి భాగాన్నే లోపల దాచుకుంటుంది. దాంతో పాటు అమ్మోనియా కూడా నీళ్లలో కలుస్తుంది. మేత పెట్టాక మొదటి నాలుగైదు రోజులు రోజూ నీళ్లు మార్చండి. కొత్త నీళ్లు పాత నీళ్లంత వెచ్చగానే ఉండాలి.

ఒళ్లంతా జిగురు, మెలికలు, గోడకు పట్టు లేదు

నన్ను దెబ్బ కొట్టింది ఇదే. దీనికి ఎవరూ ఊహించని కారణం ఒకటుంది: రాగి.

మాది తిరుపతి. చాలా ఇళ్లలాగే మా ఇంట్లోనూ రాగి బిందె ఉంది. క్లోరిన్ పోవడానికి నీళ్లు ఒక రోజు నిలవబెట్టాలని తెలుసు. ప్లాస్టిక్ బకెట్లేమో బట్టల సబ్బు అంటినవి. అందుకని శుభ్రంగా ఉంటుందని రాగి బిందెలోనే పట్టేవాణ్ణి. అప్పుడు నా దగ్గర ఆరు జలగలు. బోరు నీళ్లతో చలికాలమంతా ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. ఒక్కోసారి కొంచెం నీరసంగా కనిపించేవి, అంతే.

ఎండాకాలంలో బోరు తగ్గింది. ఆర్‌ఓ నీళ్లు తెచ్చి అదే బిందెలో పోశాను. ఒక శనివారం పొద్దున ఆ నీళ్లు జలగలకు పోసి, మధ్యాహ్నం గుడ్డ విప్పితే నీళ్లు గంజి వార్చినట్టున్నాయి. ఆరింటి ఒంటి మీదా తెల్లటి జిగురు తీగలు తీగలుగా వేలాడుతోంది. పెద్దదాన్ని చేతిలోకి తీసుకుంటే తడి తాడులా మెలితిరిగింది. మామూలుగా అయితే అరచేతికి తగలగానే తోకవైపు ఉండే చూషకంతో, అంటే అతుక్కునే గిన్నె లాంటి భాగంతో, గట్టిగా పట్టుకుంటుంది. ఆ రోజు పట్టు లేదు, వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. సాయంత్రానికి రెండు పోయాయి.

నేను నీళ్లు మార్చిన ప్రతిసారీ ఒక నోటుబుక్కులో తేదీ, జలగలు ఎలా ఉన్నాయో రాసిపెట్టుకుంటాను. వెనక్కి తిప్పి చూస్తే "నీరసం" అని రాసినవన్నీ శనివారాలే. శుక్రవారం పూజ కోసం అమ్మ గురువారం సాయంత్రం బిందెను చింతపండు, ఉప్పు పెట్టి తళతళలాడేలా తోముతుంది. శుక్రవారం రాత్రి నేను దాంట్లో నీళ్లు పడతాను. శనివారం పొద్దున ఆ నీళ్లు జలగలకు పోస్తాను. కొన్ని నెలలుగా కాగితం మీద కనిపిస్తున్నదాన్ని రెండు ప్రాణాలు పోయాక గాని చదవలేదు.

జరిగింది ఇది. రాగి మీద పేరుకునే నల్లటి పొర లోహాన్ని కొంత కాపాడుతుంది. చింతపండు పులుపు ఆ పొరను తీసేస్తే తాజా రాగి నీళ్లకు తగులుతుంది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, అది రాగి విషాన్ని బాగా తగ్గిస్తుంది. ఆర్‌ఓ నీళ్లలో ఆ సున్నం ఉండదు, పైగా కొద్దిగా పులుపు వైపు ఉంటాయి. తోమిన బిందె, ఆర్‌ఓ నీళ్లు, రాత్రంతా నిల్వ, ఈ మూడూ ఒకచోట కలిశాయి.

"రాగి నీళ్లు మనం తాగుతాం కదా, జలగకేమవుతుంది?" అని అందరూ అడుగుతారు. మన తాగునీటికి రాగి లీటరుకు 0.05 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా పర్వాలేదని భారతీయ ప్రమాణం చెబుతుంది. మన కడుపులోకి పోయిన రాగిని సరిచేయడానికి కాలేయం ఉంది. జలగ చర్మంతోనే ఊపిరి పీల్చుకుంటుంది. పగలూ రాత్రీ ఒళ్లంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. రైతులు పంట తెగుళ్లకు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేసే మైలుతుత్తం కూడా రాగి లవణమే. చెరువుల్లో నత్తల్ని, జలగల్ని చంపడానికి వాడింది కూడా దాన్నే. మన బిందెలో దిగేది అంత ఎక్కువ కాకపోవచ్చు, కానీ జలగకు హాని చేయడానికి చాలా కొంచెం చాలు.

ఈ లక్షణం కనిపిస్తే ఆలోచిస్తూ కూర్చోవద్దు. వెంటనే గాజు లేదా ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. రాగి తగలని, క్లోరిన్ లేని బోరు నీళ్లు లేదా బావి నీళ్లు పోయండి. మొదటి రోజు పొద్దున, సాయంత్రం రెండుసార్లు నీళ్లు మార్చండి. చీకటిగా, చల్లగా ఉంచండి. జిగురును గుడ్డతో తుడవద్దు, గీకొద్దు. నెలరోజులు మేత పెట్టొద్దు. నా మిగతా నాలుగింటిలో మూడు రెండో రోజుకు గోడ పట్టుకున్నాయి. చూషకం పట్టు తిరిగొచ్చిందంటే గండం గడిచినట్టే.

రాగి దాక్కునే చోట్లు ఇంకా ఉన్నాయి. రాగి కలిపే కాట్రిజ్ ఉన్న ఫిల్టర్లు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి, యంత్రం మీద ఏం రాసుందో ఒకసారి చదవండి. గీజర్ నీళ్లు వాడొద్దు. రాత్రంతా ఇత్తడి కొళాయిలో నిలిచిన మొదటి చెంబెడు నీళ్లు పారబోయండి. చేపలకు తెల్లమచ్చల రోగం వస్తే వేసే మందుల్లో కొన్నిట్లో రాగి ఉంటుంది. ఆ తొట్టిలో ముంచిన వల జలగల డబ్బాలో పెట్టొద్దు.

మరి ఎందులో ఉంచాలి? సుశ్రుత సంహిత సూత్రస్థానం 13వ అధ్యాయం మొత్తం జలగల గురించే. కొత్తగా చేసిన పెద్ద కుండలో చెరువు నీళ్లు, బురద వేసి ఉంచమని, మూడు రోజులకోసారి నీళ్లు, మేత మార్చమని, ఏడు రోజులకోసారి కుండే మార్చమని అందులో ఉంది. పలమనేరు వైపు కుమ్మరులు చేసే మామూలు మట్టికుండ దీనికి చక్కగా సరిపోతుంది. రంగు, మెరుపు పూత లేనిది తీసుకోండి, కొత్తదైతే రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టండి. ఆర్‌ఓ నీళ్లు తప్ప దిక్కులేకపోతే సగం బోరు నీళ్లు కలపండి. అదీ లేకపోతే అయోడిన్ లేని రాళ్ల ఉప్పు లీటరుకు అర గ్రాము, అదీ వేరే గ్లాసులో పూర్తిగా కరిగాకే కలపండి. ఒక్క ఉప్పు రాయి జలగ మీద పడినా ప్రాణం మీదికొస్తుంది.

నీళ్లలో తెల్లటి పొరలు తేలుతున్నాయి, నడుము దగ్గర ఉంగరంలా బిగుసుకుంది

పొరలు తేలడం రోగం కాదు, కుబుసం. జలగ కొన్ని రోజులకోసారి పై పొర వదులుతుంది. నున్నటి గాజు డబ్బాలో ఒళ్లు రుద్దుకోవడానికి ఏమీ లేకపోతే ఆ పొర సగంలో చిక్కుకుని నడుముకు బిగుసుకుంటుంది. గరుకుగా ఉన్న రెండు గులకరాళ్లు, ఒక కుండపెంకు వేయండి. చేత్తో లాగొద్దు.

కరవడం లేదు

మొన్ననే తాగి ఉంటే కరవదు. చేతికి సెంటు, శానిటైజర్, పసుపు వాసన ఉన్నా కరవదు. మాంసం అంగడిలో తెచ్చిన రక్తం చల్లగా ఉంటే దగ్గరికే రాదు. రక్తం తీసిన వెంటనే శుభ్రమైన కర్రతో కలుపుతూ ఉంటే దారాల్లాంటి గడ్డ కర్రకు చుట్టుకుని పైకొస్తుంది. మిగిలింది వడకట్టి, చెయ్యి పెడితే వెచ్చగా తగిలేలా 38 నుంచి 40 డిగ్రీలకు తెచ్చి, కడిగిన మేక పేగులో పోసి కట్టండి. అప్పుడు వచ్చి పట్టుకుంటుంది.

సొంత చేతిని మేతగా పెట్టేవాళ్లకు గట్టిగా చెబుతున్నాను, ఆపేయండి. కరిచిన చోట హిరుడిన్ (జలగ లాలాజలంలో ఉండే, రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం) వల్ల రక్తం గంటల తరబడి కారుతుంది. దాని పేగులో ఉండే ఏరోమోనాస్ బ్యాక్టీరియా పుండులోకి చేరుతుంది. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు దాని దగ్గరికే పోకూడదు. వైద్యానికి జలగ పెట్టించుకోవాలంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఇంట్లో పెంచుతున్న దానితో కాదు.

తాగింది కక్కేస్తోంది

తాగిన వెంటనే చేత్తో పట్టుకున్నారా? చల్లటి నీళ్లలో వేశారా? నిన్నటి రక్తం పెట్టారా? ఈ మూడిట్లో ఒకటే అయ్యుంటుంది. నీళ్లు మార్చి వారం రోజులు కదిలించకండి.

మే నెలలో ఒక్కొక్కటిగా పోతున్నాయి

ఎండ 40 దాటిన రోజుల్లో రేకుల గదిలో పెట్టిన డబ్బా నీళ్లు కాగిపోతాయి. వేడెక్కిన నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది. కుండ చుట్టూ తడి గోనెపట్ట చుట్టి, ఇసుకలో పెట్టండి. ఫ్రిజ్‌లో ఐసు తీసి వేయొద్దు.

మిగతావి అరుదు. ఒంటి మీద పుండ్లు, ఎర్రటి వాపులు వస్తే దాన్ని వేరే డబ్బాలో పెట్టండి, అంతకు మించి ఇంట్లో చేయగలిగింది లేదు. ట్యాంకులో దోమల మందు వేసి వెళ్లారని తెలిస్తే ఆ నీళ్లు వాడకండి. ముసలిదై పోయిందా అంటే, ఉన్నట్టుండి నాలుగు ముసలివి కావు. అలాంటప్పుడు మళ్లీ పాత్ర దగ్గరికే వెళ్లి చూడండి.