ఎర్రబడిన వాల్వు, తరువాతి నిర్ణయం

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో నాన్నగారు వాడిన వాల్వు (గాలి తీసిన గాజు గొట్టాలతో పనిచేసే) ఆంప్లిఫైయరు ఈ వేసవిలో కుడి స్పీకరులో గరగరమనడం మొదలుపెట్టింది. దీపాలార్పి చూస్తే, నాలుగు ఈఎల్84 వాల్వులలో ఒకదాని లోపలి పలక కాలిన అట్లపెనంలా ఎర్రబారి ఉంది. వాల్వే పోయిందనుకుని పక్కదానితో మార్చి చూశాను. ఎరుపు మాత్రం ఆ సాకెట్టును వదలలేదు. మీటరు పెట్టగా, సున్నా వద్ద ఉండవలసిన గ్రిడ్డు (వాల్వులో కరెంటును అదుపు చేసే తీగ) మీద 4 వోల్టులు కనిపించాయి. ముందు దశలోని అధిక వోల్టేజీని ఆపవలసిన కప్లింగ్ కెపాసిటరు లీకై, వాల్వులో కరెంటును పెంచుతున్నదన్నమాట. ప్లగ్గు తీసి, విద్యుత్తును నిలవచేసే ఫిల్టరు కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటరుతో నిర్ధారించుకుని (ప్లగ్గు తీసిన తరువాత కూడా అవి ప్రాణం తీయగలవు), గవర్నరుపేటలో కొన్న 630 వోల్టుల ఫిల్ము కెపాసిటర్లను నాలుగు చోట్లా సోల్డరు చేశాను. గరగర పోయింది.

అసలు చిక్కు ఆ తరువాతే. ఒక్కొక్క ఈఎల్84 ఫిలమెంటు (వాల్వును వేడి చేసే తీగ) 6.3 వోల్టుల వద్ద 0.76 ఆంపియర్లు తీసుకుంటుంది. పాట మొదలుకాకముందే నాలుగూ కలిసి 19 వాట్లు వేడి చేస్తాయి. పలకల వేడి దానికి అదనం. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఆ గదిలో కూర్చోవడం శిక్షే. పైగా నా కొత్త స్పీకర్ల సెన్సిటివిటీ (ఒక వాటుకు వచ్చే శబ్దం) 86 డెసిబెల్సే కావడంతో, ఈ ఆంప్లిఫైయరిచ్చే 12 వాట్లకు డోలు దెబ్బ నలిగిపోయేది. వాల్వుల తీపికి రెండవ హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు పౌనఃపున్యంతో చేరే ధ్వని) కారణమంటారు గానీ, నాది పుష్-పుల్ (రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే పద్ధతి) కనుక అవుట్‌పుట్ దశలో సరి హార్మోనిక్‌లు చాలావరకు రద్దవుతాయి. అందుకే రోజువారీ వినికిడికి 60 వాట్ల ట్రాన్సిస్టరు ఆంప్లిఫైయరు కొన్నాను. వాల్వుది సంక్రాంతి దాకా బీరువాలోనే.