కడిగినా తిరిగొచ్చే కుక్క, పిల్లి మూత్రం వాసన

సమస్య: నేల కడిగారు, వాసన పోయింది. ముసురు పట్టగానే మళ్లీ గుప్పుమంది. కుక్కేమో అదే మూలకు వెళ్లి పోస్తోంది.

ముందు చూడాల్సింది: మూత్రం అసలు ఎక్కడ పడింది? ఇది చూడకుండానే కొత్త సీసాలు కొనేస్తుంటారు. దయచేసి రాత్రి లైట్లు ఆర్పి, 365-395 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) టార్చితో వెతకండి, ఆ వెలుగులో మూత్రం మరకలు మెరుస్తాయి. మగకుక్క కాలెత్తి పోస్తే గోడ మీంచి జారి స్కర్టింగ్ (గోడ అడుగున అతికించే పట్టీ) వెనక్కి దిగుతుంది. సబ్బు మరకలు కూడా మెరుస్తాయి కాబట్టి వంగి వాసన చూసి, మూత్రం మరక చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి.

కారణం: చాలా ఇళ్లలో ఫినాయిలే. మూత్రంలోని యూరిక్ ఆమ్లం, దాని లవణాలు నీళ్లలో సరిగా కరగవు. టైల్స్ సందుల్లో ఉండిపోయి, తేమ తగిలినప్పుడల్లా వాసన లేపుతాయి. వాటిని విడగొట్టాలంటే ఎంజైమ్ క్లీనర్ కావాలి. అది తెచ్చి పోసినా పని చేయలేదనే వాళ్లను అడిగి చూడండి, ముందు అక్కడ ఫినాయిల్ వేసే ఉంటారు. ఈ క్లీనర్లు చాలావాటిలో బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది, ఎంజైమ్‌లను తయారు చేసేది అదే. క్రిముల్ని చంపే మందు నేల మీద మిగిలి ఉంటే అదీ చస్తుంది. పైగా ఫినాయిల్ ఘాటు మన ముక్కును ఏమార్చగలదు గానీ కుక్క ముక్కును కాదు. పిల్లులున్న ఇంట్లో అయితే అసలు వాడొద్దు. అవి పాదాలు నాకుతాయి, ఫినాల్ జాతి మందులను వాటి కాలేయం సరిగా విరవలేదు. బ్లీచింగ్ కూడా వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది.

పరిష్కారం: ఫినాయిల్ వాసన పూర్తిగా పోయేదాకా మామూలు నీళ్లతో కడిగి ఆరనివ్వండి. తర్వాత ఎంజైమ్ క్లీనర్‌ను గీత దాటి, సందుల్లోకి దిగేలా ధారాళంగా పోయండి. వెంటనే తుడిచేస్తే డబ్బు దండగ. ఫ్యాను ఆపి, పైన ప్లాస్టిక్ కవరు పరిచి, సీసా మీద రాసినంతసేపు తడి ఆరకుండా చూడండి. పాత మరకైతే ఇంకోసారి చేయాలి. పనావిడకు ముందే చెప్పండి, లేకపోతే పొద్దున్నే ఆ చోట మళ్లీ ఫినాయిల్ పడుతుంది.

వాసన పోవాలని వెనిగర్ పోసేటట్టయితే, టైల్స్ మీద ఫర్వాలేదు. షాబాద్, తాండూరు బండలు సున్నపురాళ్లు. వాటిమీదా, మార్బుల్ మీదా పోస్తే నునుపు పోతుంది.

డ్రైనేజీ వాసనను మూత్రం అనుకోవడం అరుదు, జాలీలో నీళ్లు పోస్తే తేలిపోతుంది. బయటికెళ్లే అలవాటున్న కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోస్తుంటే డాక్టరుకు చూపించండి. మగపిల్లి ముక్కుతున్నా చుక్క రాకపోతే నేల సంగతి వదిలేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.