ఉప్పుగాలి ఊళ్లో యుద్ధకాలపు వస్తువులు కాపాడాలంటే

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజును గుర్తుచేసే ముక్కలు, ఉత్తరాలు, ఫొటోలు పోగేసి గ్రంథాలయంలోనో బడిలోనో ఒక గది పెట్టాలనుకునేవారు ముందు ఈ పనులు చూసుకోవాలి.

బాంబులా కనిపించేది ఎవరైనా తెస్తే ముట్టుకోవద్దు, తుప్పు గీకొద్దు. ఎనభై ఏళ్లు దాటినా లోపలి పేలుడు మందు చావదు. అందరినీ దూరం పంపి 112కి ఫోన్ చేయండి. ప్రమాదం లేదని బాంబు నిపుణులు రాసిచ్చాకే లోపలికి తీసుకోండి.

వస్తువు అందిన రోజే రిజిస్టర్లో ఎక్కించండి: నంబరు, ఇచ్చినవారి పేరు, ఎక్కడ దొరికింది, చేతికి ఎలా వచ్చింది, దానమా, అరువా. సంతకం తప్పనిసరి. వారం ఆగితే వివరం జారిపోతుంది. వివరం లేని ముక్క పాత ఇనుమే. కాగితం మీద నంబరు వెనక మూలన 2బీ పెన్సిల్‌తో రాయండి. లోహానికి నూలుదారంతో చీటీ కట్టండి.

మన తీరంలో అసలు శత్రువు ఉప్పు. ఇనుములోకి దిగిన ఉప్పు పైన రంగు వేసినా లోపల తినేస్తూనే ఉంటుంది. నైట్రైల్ (పలుచని రబ్బరు లాంటి) గ్లౌజులు వేసుకుని, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, గాలి చొరబడని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ గింజలతో పెట్టండి. నారింజరంగు గింజలు తేమ పీల్చి ఆకుపచ్చబడితే 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. అదే డబ్బాలో కాగితాలు పెట్టకండి. ఇనుముకు తేమ ఎంత తగ్గితే అంత మేలు. కాగితానికి 45–55 శాతం ఉండాలి, లేకపోతే మడత దగ్గర విరుగుతుంది.

ఉత్తరాలకు లామినేషన్, సెల్లోటేపు రెండూ వద్దు. టేపు జిగురు పసుపై అక్షరాల్లోకి ఇంకుతుంది, ఆపై తీయలేం. 600 డీపీఐలో స్కాన్ చేసి నకలే గోడకు పెట్టండి. పురుగు పట్టిన కాగితాన్ని పాలిథిన్‌లో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పొద్దు, విప్పితే చెమ్మ పడుతుంది. గాజు పలక ఫొటోలకు ఈ పద్ధతి వాడకండి.

నాటి పిల్లలు ఇప్పుడు తొంభై దాటినవారు. వాళ్ల మాటలు అన్నిటికంటే ముందు రికార్డు చేయాలి. పొద్దున పూట, ఫ్యాను ఆపి, నలభై నిమిషాలకు మించకుండా. ‘సైరన్ మోగిందా?’ అని జవాబు అందించకండి. ‘ఆ రోజు ఎక్కడున్నారు?’ అని అడిగి ఊరుకోండి. ఇద్దరి మాటలు కలవకపోతే రెండూ అలాగే ఉంచండి.