జాంబీ నడవాలా, పరుగెత్తాలా? కథ రాసేవారికి కొన్ని సూచనలు

జాంబీ కథ, అంటే చచ్చి లేచి మనుషుల్ని వేటాడే శవం కథ, రాయదలచినవారు మొదట తేల్చుకోవలసింది ఆ శవం ఎంత వేగంగా కదులుతుందన్న విషయం. వేగం పెరిగితే భయం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు గానీ, నా అనుభవంలో వేగంతో పాటు మారేది పాత్రల చేతిలో ఉండే సమయం. నెమ్మది జాంబీ మనుషులకు మాట్లాడుకోవడానికీ, పోట్లాడుకోవడానికీ, తప్పు చేయడానికీ తీరిక ఇస్తుంది. పరుగెత్తే జాంబీ ఆ తీరికను లాగేసుకుంటుంది. కాబట్టి మీ పాత్రలు తమ తప్పు వల్ల చావాలా, తప్పు చేసే వ్యవధి కూడా లేక చావాలా అన్నది ముందుగా ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. ఆ వాక్యం కుదరనంతవరకు కథ మొదలుపెట్టకండి.

నెమ్మది జాంబీ ఏం చేయగలదో తెలుసుకోవడానికి 1968లో అమెరికన్ దర్శకుడు జార్జ్ రొమెరో పిట్స్‌బర్గ్ పరిసరాల్లో తీసిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' ఇప్పటికీ మంచి పాఠం. జాంబీ అన్న మాట ఆ సినిమాలో ఎక్కడా వినిపించదు. ఒక పల్లెటూరి ఇంట్లో ఏడుగురు చిక్కుకుపోతారు. బయట శవాలు కాళ్లీడ్చుకుంటూ తిరుగుతుంటే, లోపల బెన్, హ్యారీ కూపర్ అనే ఇద్దరు, నేలమాళిగలో దాక్కోవాలా, పైనే ఉండి కిటికీలకు చెక్కలు కొట్టుకోవాలా అని తగువులాడుకుంటూ ఉంటారు. చెక్కలు కొట్టిన బెన్ చివరికి తాను వద్దన్న నేలమాళిగలోనే ఆ రాత్రి తలదాచుకుంటాడు. ఆ తగువుకు అంత చోటు దొరికింది శవాల నెమ్మది వల్లనే. అవి పరుగెత్తి ఉంటే మొదటి పావుగంటలోనే ఇల్లు ఖాళీ అయ్యేది. అన్నట్టు, శ్మశానంలో కనిపించే మొదటి శవం మాత్రం చురుగ్గానే వెంటపడి, రాయితో కారు అద్దం పగలగొడుతుంది. అప్పటికింకా నియమాలు గట్టిపడలేదన్నమాట.

నెమ్మది జాంబీని ఎంచుకున్నవారు ఒక చిన్న లెక్క దగ్గర పెట్టుకోవాలి. మనిషి గంటకు 5 కిలోమీటర్లు, శవం 2 కిలోమీటర్లు నడుస్తాయనుకుందాం. ఉదయం 6 గంటలకు ఇద్దరూ ఒకే చోట బయలుదేరితే, మధ్యాహ్నం 2 గంటలకు మనిషి 40 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, శవం 16 కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది. మనిషికి ఆకలేస్తుంది, కాళ్లు పీకుతాయి, నిద్ర ముంచుకొస్తుంది, అక్కడే ఆగిపోతాడు. శవానికి ఇవేవీ లేవు. అది ఆగకుండా నడిచి, అర్ధరాత్రి దాటాక సరిగ్గా 2 గంటలకు, అతను గాఢనిద్రలో ఉన్నప్పుడు పక్కన నిలబడుతుంది. మన తాబేలు కథే ఇది, కాకపోతే ఇక్కడ కుందేలుకు రోజూ నిద్ర తప్పదు. నెమ్మది జాంబీలో అసలు భయం ఈ అలుపులేనితనమే గనుక, పాత్రలు అలిసిపోయే క్షణాలను వివరంగా రాయండి: ఉబ్బిన పాదాలు, తెగిన చెప్పు, కాపలా కూర్చున్నవాడి కునుకు.

అయితే ఒంటరి నెమ్మది జాంబీ త్వరలోనే నవ్వులపాలవుతుంది. 1978లో రొమెరోనే షాపింగ్ మాల్ నేపథ్యంలో తీసిన 'డాన్ ఆఫ్ ద డెడ్'లో, మోటార్ సైకిళ్ల మీద వచ్చిన దోపిడీ ముఠా శవాల ముఖాల మీద క్రీమ్ కేకులు కొట్టి ఆడుకుంటుంది. ఆయన తెలిసే నవ్వించాడు, ఆ ముఠాలో కొందరి పేగులు ఆ శవాలకే ఆహారం చేశాడు కూడా. మనం తెలియక నవ్విస్తే మాత్రం కథ పోతుంది. అందుకే సంఖ్యను, ఇరుకును జోడించండి. మైదానంలో పది శవాలు ఏమీ చేయలేవు, మెట్లదారిలో మూడు చాలు.

పరుగెత్తే జాంబీ కొత్తదేమీ కాదు. 1985లో వచ్చిన ఒక హాస్య భయానక చిత్రంలోనే శవాలు పరుగెత్తాయి. దానికి గట్టి గుర్తింపు తెచ్చింది మాత్రం 2002లో డానీ బోయిల్ తీసిన '28 డేస్ లేటర్'. అందులో వెంటపడేవారు చచ్చిపోయినవారు కాదు, వైరస్ సోకిన బతికున్న మనుషులు. సోకిన కొన్ని సెకన్లలోనే మనిషి మారిపోతాడు. ఒక తండ్రి తలెత్తి చూసినప్పుడు పైనున్న శవం నుంచి ఒక్క రక్తపు చుక్క కంట్లో పడుతుంది. సంగతి అర్థమైన వెంటనే కూతురికి ప్రేమగా ఒక మాట చెప్పి, దగ్గరికి రావద్దని తోసేస్తాడు. వేగాన్ని వాడుకోవడమంటే ఇది: పరుగును వర్ణించడం కన్నా, ఒక వీడ్కోలును కొన్ని సెకన్లకు కుదించడం. ఆ సినిమాలో తొలి సన్నివేశం ముగిశాక, నిర్మానుష్యమైన లండన్ వీధుల్లో నిశ్శబ్దంగా సాగే సుదీర్ఘమైన నడక వస్తుందని కూడా గమనించండి. ముందు నిశ్శబ్దం లేకపోతే తర్వాతి పరుగు వట్టి గోలగా మిగులుతుంది.

తెర మీద పరుగు చూపడం తేలిక, కాగితం మీద కష్టం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చేది 100 మీటర్లను 18 సెకన్లలో దాటుతుంది. ఆ 18 సెకన్లలో పాఠకుడు చదవగలిగేది నాలుగైదు వాక్యాలు. నేను మొదట రాసిన కథలో ఒక జాంబీ వరండా దాటడానికి మూడు పేజీలు పట్టింది. ఈలోగా కథానాయిక తన బాల్యాన్నంతా గుర్తు చేసుకుంది. చదివిన మిత్రుడు, పాపం దానికి మోకాళ్ల నొప్పులా అని అడిగాడు. అప్పటినుంచి చిత్తుప్రతి మార్జిన్‌లో దూరాన్నీ సెకన్లనూ పెన్సిల్‌తో రాసుకుంటున్నాను.

వేగమంటే పొట్టి వాక్యాలని ఒక నమ్మకం ఉంది. తెలుగులో అది తరచుగా తారుమారవుతుంది. మన సమాపక క్రియ వాక్యం చివర వచ్చి పాఠకుణ్ణి ఆపుతుంది కాబట్టి, పొట్టి వాక్యాలు ఒక్కొక్క అడుగు వేస్తున్నట్టుంటాయి. ఒక కిరాణా కొట్టు మూసే సన్నివేశాన్ని తీసుకోండి. "చీకటి పడింది. వీధి చివర ఒకడు నిలబడ్డాడు. సుబ్బయ్య గల్లాపెట్టెకు తాళం వేశాడు. తలెత్తి చూశాడు. ఇప్పుడు ముగ్గురున్నారు." ఇది నెమ్మది జాంబీ నడక. పరుగు కావాలంటే అసమాపక క్రియలను గొలుసుగా అల్లి, ఊపిరి తీసుకునే చోటు ఇవ్వకండి: "సుబ్బయ్య షట్టర్ అందుకుని, కిందికి లాగబోయి, అది సగంలో బిగుసుకుంటే వంగి, సందులోంచి చూసి, వీధి చివర ఇందాకటి మనిషి లేడని గుర్తించేలోపే అతని చేతి మీద మరో చెయ్యి పడింది." రెండో దానిలో జాంబీ పరుగు ఎక్కడా కనబడదు, చేరుకోవడమే కనబడుతుంది.

పరుగెత్తేదానికి ఒక బలహీనత తప్పనిసరి, లేకపోతే మీ కథ రెండో అధ్యాయం దాటదు. 2016 నాటి కొరియన్ చిత్రం 'ట్రెయిన్ టు బూసాన్'లో జాంబీలకు చీకట్లో కళ్లు కనబడవు. రైలు సొరంగంలోకి వెళ్లినప్పుడు పాత్రలు సామాను పెట్టే అరల మీద పాకుతూ వాటి తలల మీదుగా బోగీ దాటుతాయి. వేగం చెక్కుచెదరలేదు, అయినా పాత్రలకు ఆలోచించే చోటు దొరికింది. ఆ బలహీనతను పాఠకుడికి అవసరానికి చాలా ముందే, యాదృచ్ఛికంగా జరిగినట్టు చూపించండి. కారణంతో కూడా దాన్ని ముడిపెట్టవచ్చు: సోకినవారు బతికున్న మనుషులైతే వారికి తిండీ నీళ్లూ కావాలి, కొన్ని వారాలకు నీరసించి పడిపోతారు, కాబట్టి అంతవరకు దాక్కోవడమే కథ కావచ్చు. శవమే పరుగెడుతుంటే మాత్రం ఆ శక్తి ఎక్కడిదని పాఠకుడు అడగకముందే అతన్ని మరో పనిలో పెట్టాలి.

రెండు రకాలనూ ఒకే కథలో కలపడం నాకు అంతగా నచ్చదు. తప్పదనుకుంటే తేడాకు కంటికి కనబడే గుర్తు పెట్టండి. కొత్తగా మారినవి పరుగెత్తి, కుళ్లినకొద్దీ నెమ్మదిస్తాయంటే ఎవరైనా ఒప్పుకుంటారు. అప్పుడు దూరంగా కాళ్లీడుస్తున్న గుంపులో శుభ్రమైన చొక్కా తొడుక్కున్నవాడు ఒక్కడు కనబడితే చాలు.