శిశుతరగతికి వారం పాఠం – 3: టబ్బు ఒకటే, రోజులు ఐదు

పోయిన పాఠంలో అంశం ఎంచుకున్నాం: నీళ్ళు. పిల్లలు చేత్తో తాకి చూడగలిగేది కాబట్టే దాన్ని తీసుకున్నాం. ఇప్పుడు దాన్ని సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎలా సర్దాలో చూద్దాం.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మొదటిసారి ఇదే అంశానికి సోమవారం వాన, మంగళవారం చేపలు, బుధవారం పడవలు, గురువారం మంచు, శుక్రవారం మేఘాలు అని రాసుకున్నాను. కాగితం మీద చూడముచ్చటగా ఉంది. తీరా బుధవారం నేను పడవలు పట్టుకొస్తే, పిల్లలు "నిన్నటి టబ్బు ఏదీ?" అని అడిగారు. నాకు టెన్షన్, వాళ్ళకు నిరాశ. నేను వేసుకున్నది ఒక వారం పాఠం కాదు, ఐదు వారాల పాఠాలను ఐదు రోజుల్లో కుక్కాను.

మూడు నాలుగేళ్ళ పిల్లలకు చేసిందే మళ్ళీ చెయ్యడం విసుగు కాదు. మొదటి రోజు వస్తువుతో పరిచయం, రెండో రోజు దానితో ఆట. అసలు ప్రశ్నలు మూడో రోజు గానీ మొదలుకావు. అందుకని వస్తువు అలాగే ఉంచి, రోజుకు ఒక్కటి మాత్రం మార్చండి. ఇదేమీ కొత్త సంగతి కాదు. 1837లో జర్మనీలో చిన్నపిల్లల బడి మొదలుపెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రోబెల్ ఆటవస్తువులు చూడండి. ఒకదాంట్లో ముక్కలు కాని చెక్క ఘనం ఉంటుంది. తర్వాతి దాంట్లోనూ ఘనమే, కాకపోతే ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోతుంది. ఘనంలో మారింది అదొక్కటే.

మన టబ్బుకొద్దాం. సోమవారం నీళ్ళు, గ్లాసులు, ఒక జగ్గు, అంతే. పొయ్యనివ్వండి. నిండింది, ఒలికింది, తొణికింది, ఖాళీ అయింది అనే మాటలు పని జరుగుతున్నప్పుడే మీ నోటి నుంచి రావాలి. ఒలకడానికీ తొణకడానికీ తేడా చార్టు చూపించి చెప్పలేం. నిండుకుండ తొణకదంటారు గానీ, మూడేళ్ళ పిల్లల చేతిలో నిండు గ్లాసు తొణక్కుండా ఉండదు. వెడల్పు గ్లాసులోని నీళ్ళను వాళ్ళ కళ్ళ ముందే సన్నటి పొడుగు గ్లాసులో పోసినా, ఇప్పుడు నీళ్ళు ఎక్కువయ్యాయంటారు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన మనస్తత్వవేత్త పియాజే గమనించి చెప్పింది ఇదే. ఆ వయసులో అది సహజం, దిద్దకండి.

మంగళవారం అదే టబ్బులో ఒక చెక్కముక్క, స్టీలు చెంచా, ప్లాస్టిక్ మూత, గులకరాయి. వెయ్యడానికి ముందు "మునుగుతుందా, తేలుతుందా?" అని అడగండి. పెద్దవి మునుగుతాయని చాలామంది అంటారు. అందుకే చెక్కముక్క అన్నిటికన్నా పెద్దదిగా ఉండాలి. నోట్లో పట్టేంత చిన్న వస్తువు ఏదీ ఉండకూడదు, రాయి కూడా పిడికిలంత ఉండాలి.

బుధవారమే వారానికి గుండెకాయ. నిన్నటి వస్తువులతో పాటు నీళ్ళలో కరగని క్లే ముద్ద ఒకటి పెట్టండి. ఉండగా చేసి వేస్తే మునుగుతుంది. బయటికి తీసి, అదే ముద్దను గిన్నెలా వొత్తి, మెల్లగా నీళ్ళ మీద పెట్టండి. తేలుతుంది. (గిన్నె ఆకారం ఎక్కువ నీళ్ళను పక్కకు నెడుతుంది కాబట్టి. ఇది మీకోసం, వాళ్ళకు చెప్పడానికి కాదు.) అంచులు పల్చగా, ఎత్తుగా రావాలి. ముందురోజు ఇంట్లో ఒకసారి చేసి చూసుకోండి. పిల్లలు కాసేపు కిక్కురుమనకుండా చూస్తారు, తర్వాత అందరూ క్లే కావాలంటారు. ఆ నిశ్శబ్దంలో మీరు మాట్లాడకండి. నాకు ఇది నేర్చుకోవడానికి చాలాకాలం పట్టింది.

గురువారం ఆరుబయట నేల మీద కొంచెం నీళ్ళు పోసి, మడుగు చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. గంటకోసారి వెళ్ళి చూస్తే గీతకూ నీళ్ళకూ మధ్య ఖాళీ పెరుగుతుంటుంది. ఎండ లేకపోతే ఆలస్యమవుతుంది, అంతే. శుక్రవారానికి ముందుగా ఏమీ రాసుకోకండి. ఈ నాలుగు రోజుల్లో వాళ్ళు దేన్ని వదల్లేదో అదే మళ్ళీ పెట్టండి.

పాట, కథ, బొమ్మలు? ఉండాలి, అయితే టబ్బుకు తోడుగా. అచ్చేసిన పడవ బొమ్మకు నీలం రంగు పూస్తే అది రంగుల పని అవుతుంది గానీ నీళ్ళ పాఠం కాదు. లెక్కలు మాత్రం వాటంతటవే వస్తాయి: జగ్గు నిండడానికి ఎన్ని గ్లాసులు? అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడేది మూడేళ్ళవాళ్ళతో పది నిమిషాలు దాటనివ్వకండి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. రెండు మూడు అంగుళాల నీళ్ళలో కూడా చిన్నపిల్లలకు ప్రాణాపాయం. టబ్బు దగ్గర పెద్దవాళ్ళు ఒకరు కదలకుండా ఉండాలి, ఆట అయిన వెంటనే నీళ్ళు పారబోయాలి.

ఈ వారం అభ్యాసం: నీళ్ళు వదిలి ఇసుక గానీ, నీడలు గానీ, పెట్టెలు గానీ తీసుకోండి. ఒక్క కాగితం మీద, రోజుకు ఒక గడి చొప్పున, ఆ రోజు మారే ఒక్క వస్తువు, అడిగే ఒక్క ప్రశ్న, వాడే మూడు నాలుగు మాటలు రాయండి. గడిలో పట్టకపోతే అక్షరాలు చిన్నవి చెయ్యకండి, పని తగ్గించండి. శుక్రవారం గడి ఖాళీగానే ఉంచి, ఆ కాగితం దాచుకోండి. నాలుగో పాఠంలో పిల్లలు చేసినవి రాసిపెట్టుకోవడం దాని వెనకవైపే మొదలుపెడదాం.