ముప్పు అంచనాను చదివే పద్ధతి

పాత సైనిక నివేదిక చేతికందగానే సారాంశంలోకి దూకకండి. ముందు తేదీ, ఆపైన రాసినవారి హోదా చూడండి. నేను మలయా (అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న నేటి మలేసియా ద్వీపకల్పం) కాగితాలతో సాధన చేశాను. మా తాతగారు అక్కడి పెరాక్‌లో రబ్బరు తోట కూలీ, అదే కారణం.

పక్కన పటం పరచుకోండి. 1937లో పెర్సివల్ అనే బ్రిటిష్ సైనికాధికారి తయారుచేసిన అంచనా ప్రకారం జపాన్ సేనలు థాయిలాండ్‌లోని సింగోరా, పటానీలలోనూ, మలయాలోని కోట బారులోనూ దిగి, ఉత్తరం నుంచి నేల మీదుగా సింగపూర్‌కు రావచ్చు. వేళ్లతో ఆ దారి కొలవండి. 1941 డిసెంబరు 8న మలయా దాడికి ప్రధానంగా దిగింది ఆ మూడు చోట్లే! 1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌ను అప్పగిస్తూ సంతకం పెట్టిన సేనాపతి కూడా ఆ పెర్సివలే.

కాబట్టి జోస్యం ఫలించిందా అని మాత్రమే చూడకండి. అడిగిందెంత, అందిందెంత అని రెండు గళ్లు గీయండి. 1940లో లండన్‌లోని సేనాధిపతులు మలయాకు 336 యుద్ధ విమానాలు కావాలన్నారు, యుద్ధం మొదలైన రోజున ఉన్నవి అందులో సగం లోపే. ట్యాంకు ఒక్కటీ లేదు.

'అడవి దుర్గమం' అన్న మాట కనబడితే పెన్సిలుతో గీత పెట్టండి. పడమటి తీరాన తోటల మధ్య చక్కటి తారు రోడ్లుండేవి. జపాన్ సైనికులు సైకిళ్ల మీద వచ్చారు. టైర్లు పగిలితే ఉత్త రిమ్ముల మీదే తొక్కారు. చీకట్లో ఆ గరగర విని ట్యాంకులనుకున్నవారున్నారు.